తల్లి రొయ్య కంటికాడ కథ



బందరు నుంచి మంగినపూడి సముద్రస్నానానికి వెళ్లి వచ్చినవారికి ఆ ప్రాంతపు రొయ్యల చెరువులు కొత్త కాదు. గట్ల మధ్య నిలిచిన నీళ్లు, ఆ నీళ్లను చిలుకుతూ తిరిగే చక్రాలు, గట్టు మీద మేత బస్తాలు. ఇటు బంటుమిల్లి, కృత్తివెన్ను వైపు చూసినా, అటు దివిసీమలో నాగాయలంక, కోడూరు వైపు చూసినా ఉప్పునీరు అందే చోటల్లా ఇవే చెరువులు. రొయ్యలు తినేవారింట్లో ఆదివారం కూరగానూ, తిననివారింట్లో అల్లుడి వ్యాపారంగానో, అన్నగారి అప్పుగానో రొయ్య ఏదో ఒక రూపంలో మన బతుకుల్లోకి వచ్చేసింది.

ఇంతగా తెలిసిన రొయ్యను గురించి మనలో చాలామందికి తెలియని సంగతి ఒకటుంది. చెరువులో పెరిగే ఈ పిల్లలను కన్న తల్లి రొయ్యకు తరచు ఒక కన్ను ఉండదు. పుట్టుకతో లేక కాదు. గుడ్లు పెట్టించడం కోసం మనుషులే తీసేస్తారు. కంటికీ కడుపుకీ ఏమిటి సంబంధం అంటారా? ఆ సంబంధాన్ని ఖాయంగా తేల్చడానికి శాస్త్రజ్ఞులకు అరవై ఏళ్లకు పైగా పట్టింది. తేల్చినది కత్తి కాదు. జన్యువు నోరు మూయించడం అనే ఒక కొత్త విద్య. ఈవేళ ఆ కథ చెప్పుకుందాం.

ముందుగా రొయ్యపిల్ల ఎక్కడి నుంచి వస్తుందో చూద్దాం. పూర్వం ఆటుపోట్లతో పాయల్లోకి కొట్టుకొచ్చే పిల్లలను సన్నకన్నుల వలలతో పట్టి చెరువుల్లో వదిలేవారు. చెరువులు పెరిగాక ఆ పిల్లలు చాలలేదు. పెద్ద ఆడ టైగర్ రొయ్యలను సముద్రంలో పట్టి తెచ్చి, తొట్లలో ఉంచి గుడ్లు పెట్టించాలి. చిక్కు ఇక్కడే వచ్చింది. సముద్రంలో నిక్షేపంలా గుడ్లు పెట్టే రొయ్య తొట్టిలోకి రాగానే మానేస్తుంది. తింటుంది, తిరుగుతుంది, కానీ అండాశయం ఎదగదు.

రొయ్యలు ఒలిచే అలవాటున్నవారికి వీపు మీద నల్లదారంలాంటి పేగు తెలుసు కదా. గుడ్లకు వచ్చిన ఆడ టైగర్ రొయ్యలో ఆ పేగు వెంబడే ముదురాకుపచ్చ పట్టీ ఒకటి తల నుంచి తోక వైపు సాగి ఉంటుంది. అదే అండాశయం. రాత్రిపూట టార్చిలైటు వేసి చూస్తే బతికున్న రొయ్యలో కూడా డొప్ప గుండా దాని నీడ కనిపిస్తుంది. హేచరీలలో పనివాళ్లు రాత్రుళ్లు తొట్ల మధ్య తిరుగుతూ చూసేది దీనికోసమే. తొట్టిలోని రొయ్యకు ఆ నీడ సన్నగానే ఉండిపోతుంది.

దీనికి దొరికిన విరుగుడు విచిత్రమైనది. రొయ్య కన్ను మన కన్నులా గుంటలో ఉండదు, చిన్న కాడ చివర ఉంటుంది. ఆ రెండు కాడల్లో ఒకదాన్ని కత్తిరించడమో, దారం బిగించి కట్టడమో, కాల్చిన పట్టకారుతో నొక్కడమో చేస్తారు. అంతే, కొద్ది రోజుల్లోనే వీపు మీది నీడ లావెక్కుతుంది. రొయ్య లక్షల్లో గుడ్లు పెడుతుంది.

ఈ పద్ధతి ఏ హేచరీ యజమాని తెలివీ కాదు. దాని మూలం ఒక ప్రయోగశాలలో ఉంది. 1905లోనే చార్లెస్ జెలెనీ అనే అమెరికా శాస్త్రజ్ఞుడు పీత కంటికాడలు తీసేస్తే అది త్వరత్వరగా డొప్ప విడుస్తుందని గమనించాడు. 1930లలో స్వీడన్ దేశస్థుడు బెర్టిల్ హాన్‌స్ట్రోమ్ ఆ కాడల లోపలి గ్రంథులను వర్ణించాడు. ఇక 1943లో, రెండవ ప్రపంచయుద్ధం మధ్య ఫ్రాన్సు జర్మన్ల ఆక్రమణలో ఉన్న రోజుల్లో, పనూజ్ అనే ఫ్రెంచి శాస్త్రజ్ఞుడు గుడ్లు పెట్టని కాలంలో ఉన్న ఆడ రొయ్యల కంటికాడలు తీసి చూశాడు. కాలం కాని కాలంలో వాటి అండాశయాలు ఎదిగాయి. కంటికాడలో ఉన్నదేదో ఇన్నాళ్లూ అండాశయాన్ని ఆపి ఉంచుతోందన్నమాట. అది పోగానే పట్టు సడలింది.

చూడండి, ఇది కంటిచూపుకు సంబంధించిన విషయమే కాదు. కంటికాడ లోపల నాడీకణాల గుంపు ఒకటి ఉంటుంది. దాని పేరు ఎక్స్ అవయవం. అక్కడ తయారైన హార్మోనులు పక్కనే ఉన్న సైనస్ గ్రంథిలో నిలవ ఉండి, అవసరాన్నిబట్టి రక్తంలో కలుస్తాయి. వాటిలో ఒకటి అండాశయాన్ని ఆపే హార్మోను. ఇది ఒక చిన్న ప్రోటీను. ప్రోటీను అనగానే మనకు పప్పూ, పాలూ, గుడ్లూ గుర్తొస్తాయి. కానీ ఒంట్లో ప్రోటీనులన్నీ కండ పెంచడానికే లేవు. కొన్ని కబుర్లు మోస్తాయి. ఒక కణం పంపిన కబురును ఇంకో కణానికి చేరుస్తాయి. వీటిని సంకేత ప్రోటీనులు అనుకుందాం. మన ఒంట్లో ఇన్సులిను కూడా ఇలాంటిదే. ఇవి సాధారణంగా కణం లోపలికి జొరబడవు. కణం పైపొర మీద గడియ తట్టినట్టు తడతాయి. ఆ చప్పుడును లోపలున్న వేరే ప్రోటీనులు ఒకరి నుంచి ఒకరు అందుకుని పని జరిపిస్తాయి, లేదా ఆపిస్తాయి.

రొయ్య కంటికాడ పంపే ఈ కబురు ఆపుచేసే కబురు. గుడ్డు పచ్చసొనకు ముడిసరుకైన విటెల్లోజెనిన్ అనే ప్రోటీను తయారు కాకుండా అది అడ్డుపడుతుంది. పచ్చసొన లేకపోతే గుడ్డెక్కడిది? సముద్రంలో అన్నీ అనుకూలంగా ఉన్నప్పుడు రొయ్య తనంతట తానే ఈ కబురు తగ్గించుకుంటుంది. తొట్టిలో తగ్గించుకోదు. కన్ను తీసి మనిషి తగ్గిస్తాడు.

1970లలో ఈ విద్య ప్రయోగశాల దాటి తొట్లలోకి వచ్చింది. మన దేశంలో కేరళలోని నారక్కల్‌లో పనిచేసిన ఎం. ఎస్. ముత్తుగారు, ఎ. లక్ష్మీనారాయణగారు మన తీరపు రొయ్యలతో ఇలా గుడ్లు పెట్టించిన వివరాలను 1977లో ప్రకటించారు. 1977 అంటే మన దివిసీమవారికి వేరే గుర్తు. నవంబరు 19 నాటి ఉప్పెన వేల ప్రాణాలను మింగిన సంవత్సరం అది. ఉప్పునీరు ఎక్కి చెడిన పొలాలను చూసి ఏడ్చిన ఈ ప్రాంతమే, పదిహేనేళ్లు తిరిగేసరికి అదే ఉప్పునీటిని కావాలని చెరువుల్లోకి తోడుకుంది. 1980ల చివర సముద్ర ఉత్పత్తుల ఎగుమతి అభివృద్ధి సంస్థ విశాఖపట్నం దగ్గర టాస్పార్క్ అనే పెద్ద హేచరీని నెలకొల్పింది. తర్వాత ప్రైవేటు హేచరీలు కోస్తా పొడుగునా లేచాయి. 1990ల మొదట్లో వరిచేలు కూడా చెరువులయ్యాయి.

అంతలో 1994 ప్రాంతంలో తెల్లమచ్చ రోగం వచ్చిపడింది. అది వైరస్ జబ్బు. సోకిన కొద్ది రోజుల్లో చెరువు చెరువే తుడిచిపెట్టుకుపోతుంది. నగలు తాకట్టు పెట్టి చెరువు వేసినవాళ్ల ఇళ్లలో ఆ ఏళ్లు ఎలా గడిచాయో ఈ ప్రాంతపు ఆడవాళ్లకు ఒకరు చెప్పనక్కర్లేదు. ఇందులో మన కథకు పనికొచ్చే సంగతి ఒకటుంది. సముద్రంలో పట్టుకొచ్చిన తల్లి రొయ్యే తరచు ఆ వైరస్‌ను మోసుకొచ్చేది. మరి రోగం లేని తల్లులను మనమే పెంచుకోవచ్చు కదా? పెంచుకోవచ్చు. కానీ ఇంట పెరిగిన టైగర్ రొయ్య గుడ్లకు రావడం సముద్రపు రొయ్య కన్నా కష్టం. కనుక అండాశయాన్ని ఆపే ఆ కబురు సంగతి తేల్చడం శాస్త్రజ్ఞుల సరదా కాదు, చెరువు మీద బతికే ఇళ్లకు అవసరం.

కన్ను తీస్తే పని జరుగుతోంది కదా, ఇంకేం తేల్చాలి అనవచ్చు మీరు. దానికి సమాధానం మన తిరుపతిలో ఉంది. శ్రీ వేంకటేశ్వర విశ్వవిద్యాలయం జంతుశాస్త్ర విభాగంలో ఆర్. రామమూర్తిగారు, పి. శ్రీనివాసులురెడ్డిగారు, వారి శిష్యులు 1980ల నుంచి కంటికాడ హార్మోనుల మీద పరిశోధనలు చేశారు. వారు ఎంచుకున్న జంతువు ఏమిటనుకున్నారు? మన వరిచేల గట్లలో బొరియలు తవ్వే పొలం పీత. ఆ పీత కంటికాడలు తీస్తే ఒక్క అండాశయమే కాదు, ఒంట్లో ఎన్నో మారతాయి. రక్తంలో చక్కెర పడిపోతుంది. డొప్ప విడిచే పని తొందరపడుతుంది. ఒంట్లో ఉప్పూ నీరూ సరిచూసుకునే ఏర్పాటు, రంగు మార్చుకునే ఏర్పాటు కూడా ఈ జాతి జంతువుల్లో కంటికాడ చేతిలోనే ఉన్నాయి.

అంటే కంటికాడ ఊళ్లో తపాలా కచేరీ లాంటిదన్నమాట. పెళ్లి శుభలేఖా అక్కడి నుంచే రావాలి, మనియార్డరూ అక్కడి నుంచే రావాలి. ఒక్క ఉత్తరం ఆపడం కోసం తపాలా కచేరీనే తగలబెడితే ఆ ఉత్తరం ఆగే మాట నిజమే, కానీ మిగతా ఉత్తరాల గతి ఏమిటి? కన్ను తీసిన తల్లి రొయ్య వెంటవెంటనే గుడ్లు పెట్టి పెట్టి నీరసిస్తుంది. రానురాను గుడ్ల నాణ్యం తగ్గుతుంది. కొన్ని చనిపోతాయి కూడా. అదీగాక ఏ ఉత్తరం ఆగినందువల్ల అండాశయం ఎదిగిందో కత్తి చెప్పలేదు. కత్తి అన్నిటినీ ఒకేసారి ఆపేస్తుంది.

1991లో ఒక మెట్టు ఎక్కారు. ఫ్రాన్సులో డానియెల్ స్వయే బృందం అమెరికా జాతి లాబ్‌స్టర్ అనే పెద్ద సముద్రపు రొయ్య కంటి నుంచి అండాశయాన్ని ఆపే ప్రోటీనును వేరుచేసి, దాని అమరికను మొదటి నుంచి చివరి దాకా చదివింది. డెబ్భై పైచిలుకు పూసల దండ అది. ఒక్కొక్క పూస ఒక అమినో ఆమ్లం. చదివాక మరో చిక్కు తెలిసింది. చక్కెర పెంచే హార్మోనూ, డొప్ప విడవడాన్ని ఆపే హార్మోనూ, ఇదీ ఒకే కుటుంబం. అక్కచెల్లెళ్ల పోలికలు. పోలికను బట్టి ఇది ఫలానా పని చేస్తుందని ఊహించవచ్చు గానీ, రుజువు కావాలంటే ఆ ఒక్కదాన్నే ఆపి చూడాలి. మిగతా అక్కచెల్లెళ్లు ఎవరి పనిలో వారుండగా ఈ ఒక్కతెనే పక్కకు తీసుకెళ్లాలి. అదెలా?

దానికి మార్గం రొయ్యల్లో దొరకలేదు. పూలమొక్కలో కనిపించి, పురుగులో బయటపడింది. ఈ కథలో స్త్రీల పేర్లు ముందువరసలో ఉన్నాయి, అందుకని కాస్త నిదానంగా చెబుతాను.

అమెరికాలో కాలిఫోర్నియాలో కారొలిన్ నాపోలి, క్రిస్టీన్ లెమ్యూ, రిచర్డ్ యోర్గెన్‌సెన్ పెట్యూనియా పూలకు రంగు పెంచాలనుకున్నారు. ఊదారంగునిచ్చే జన్యువు మొక్కలో ఎలాగూ ఉంది, ఇంకొకటి చేరిస్తే రంగు చిక్కబడుతుందని వారి లెక్క. పసుపు మరో చెంచా వేస్తే కూర మరింత పచ్చబడాలి కదా! తీరా చూస్తే ఆ జన్యువు చేరిన మొక్కల్లో నూటికి 42 పూర్తిగా తెల్లపూలో, తెల్లచారల పూలో పూశాయి. కొత్తగా చేరిన జన్యువు తానూ పలకలేదు, పాతదాన్నీ పలకనివ్వలేదు. ఈ సంగతి 1990లో అచ్చయింది. ఇలాంటి వింతనే పండ్ల ఈగల్లో 1997లో చూపించినవారు మానికా పాల్ భద్రగారు, ఉత్పల్ భద్రగారు, జేమ్స్ బర్చ్‌లర్. ఆ పని అమెరికాలో జరిగింది. తర్వాత ఆ దంపతులు హైదరాబాదు వచ్చి మన జాతీయ పరిశోధనశాలల్లో ఈ విషయం మీదనే పనిచేశారు.

1995లో సూ గువో అనే యువతి, కెన్నెత్ కెంఫ్యూస్ అనే ఆచార్యుని దగ్గర కోర్నెల్ విశ్వవిద్యాలయంలో చిన్న నులిపురుగు పిండం మీద పరిశోధన చేస్తోంది. పిండంలో మొదటి కణం రెండుగా చీలేటప్పుడు ఏది ముందు, ఏది వెనుక అని నిర్ణయించడంలో పార్-1 అనే జన్యువుకు చేయి ఉంది. ఆ జన్యువు చేసేది కూడా సంకేత ప్రోటీనే. అది కణం లోపల ఉండి, వేరే ప్రోటీనులకు ఫాస్ఫేటు ముక్కను తగిలించి పని పురమాయించే రకం. ఆ జన్యువును ఆపడానికి దాని నకలుకు ఎదురు నకలు తయారుచేసి ఎక్కించింది. జన్యువు ఆగింది. ఏ ప్రయోగంలోనైనా సరిచూసుకోవడానికి పక్కన ఇంకొకటి పెడతారు. మనం కొత్త బియ్యానికి నీళ్లెన్ని పట్టేదీ చూడటానికి రెండు గిన్నెలు పొయ్యి మీద పెట్టినట్టు. ఆ రెండో ప్రయోగంలో ఏమీ జరగకూడదు. ఆమెకు అక్కడా జన్యువు ఆగిపోయింది! ఇంకొకరైతే దాన్ని పక్కన పారేసి ఊరుకునేవారేమో. వారు ఉన్నదున్నట్టు రాసి ప్రకటించారు.

ఆ ముడి విప్పినవారు ఆండ్రూ ఫైర్, క్రెయిగ్ మెల్లో. 1998లో వారి బృందం అసలు సంగతి చెప్పింది. నకలూ, ఎదురు నకలూ విడివిడిగా కాదు, రెండూ జంటగా కలిసి ఉన్నప్పుడే జన్యువు గట్టిగా నోరు మూసుకుంటుంది. వేరువేరుగా ఎక్కించినప్పుడు కనిపించిన ఫలితానికి వాటిలో కొద్దిగా కలిసిపోయిన జంటలే కారణం కావచ్చు. దీనికి 2006లో వారిద్దరికీ నోబెల్ బహుమతి వచ్చింది.

ఇది జరిగే తీరు వంటింటి భాషలో చెప్పుకుందాం. జన్యువు అంటే బీరువాలో భద్రంగా దాచుకున్న అమ్మమ్మగారి వంటల పుస్తకంలో ఒక పేజీ అనుకోండి. ఆ పుస్తకాన్ని ఎవరూ పొయ్యి దగ్గరికి తీసుకుపోరు. కావలసిన వంటకం కొలతలు చిన్న కాగితం మీద రాసుకుని పోతారు. ఆ కాగితమే ఆర్.ఎన్.ఏ. అనే నకలు. దాన్ని చూసి కణం ప్రోటీనును వండుతుంది. మామూలుగా ఈ కాగితం ఒంటిపేటగా ఉంటుంది. జంటపేట ఆర్.ఎన్.ఏ. కనిపిస్తే కణానికి అనుమానం వస్తుంది, ఎందుకంటే ఎన్నో వైరస్‌లు ఆ రూపంలోనే చొరబడతాయి. వెంటనే డైసర్ అనే ఒక ప్రోటీను దాన్ని కత్తిపీట మీద బెండకాయ తరిగినట్టు, ఇరవయ్యొక్క అక్షరాలో, ఒకటి రెండు ఎక్కువో ఉండే ముక్కలుగా తరుగుతుంది. ఆ ముక్కల్లో ఒకదాన్ని ఆనవాలుగా పట్టుకుని ఇంకో ప్రోటీనుల బృందం బయలుదేరి, అదే రాత ఉన్న కాగితాలు ఎక్కడ కనిపిస్తే అక్కడ చింపేస్తుంది. బీరువాలో పుస్తకం చెక్కుచెదరదు. ఆ ఒక్క వంటకమే ఆగుతుంది. కొంతకాలానికి ఆ ముక్కలు అరిగిపోయాక వంట మళ్లీ మొదలవుతుంది.

ఇందులోని గొప్ప అంతా ఆ ఇరవయ్యొక్క అక్షరాల ఆనవాలులో ఉంది. అక్కచెల్లెళ్లు ఎంత పోలికగా ఉన్నా కొలతల కాగితంలో రాత వేరు. కనుక రాతను సరిగ్గా ఎంచుకుంటే ఒకరినే ఆపవచ్చు. మన కంటికాడ ప్రశ్నకు కావలసింది ఇదే కదా!

ఆ పని జరిగింది మన బంగాళాఖాతం అవతలి ఒడ్డు దేశంలో. థాయిలాండులో మహిడోల్ విశ్వవిద్యాలయంలో సుపత్రా త్రీరత్రకూల్, అపినంత్ ఉదోమ్‌కిత్, శకోల్ పన్యిమ్ ఉన్న బృందం టైగర్ రొయ్యలో అండాశయాన్ని ఆపే హార్మోను జన్యువును పట్టుకుంది. దానికి సరిపోయే జంటపేట ఆర్.ఎన్.ఏ. తయారుచేసి ఆడ రొయ్యలకు సూదిమందులా ఎక్కించింది. ఆ హార్మోను నకళ్లు పడిపోయాయి. అండాశయంలో పచ్చసొన ప్రోటీను నకళ్లు పెరిగాయి. 2008లో ఈ ఫలితం అచ్చయింది. పనూజ్ 1943లో చూసిన అదృశ్య హస్తం ఏదో 65 ఏళ్ల తర్వాత టైగర్ రొయ్యలో ఇలా పేరుతో సహా రుజువైంది.

ఇంకొక సంగతి కూడా బయటపడింది. ఈ హార్మోను నకళ్లు ఒక్క కంటికాడలోనే లేవు. మెదడులో ఉన్నాయి, రొమ్ములోనూ పొట్టలోనూ సాగే నాడీసూత్రంలో ఉన్నాయి. చూశారా, ఇన్నాళ్లూ కంటికాడ ఒక్కటే కబురు పంపుతోందనుకుని దాన్నే కోశాం. కోసింది ఒక కచేరీని మాత్రమే. మిగతా చోట్ల ఆ కబురు రాస్తున్న చేతులు అలాగే ఉన్నాయి. ఎన్నిసార్లు కోసినా కత్తికి ఈ సంగతి తెలిసేది కాదు.

2011లో అదే బృందం మరో అడుగు వేసింది. కన్ను తీయకుండా ఈ జంటపేట ఆర్.ఎన్.ఏ. మాత్రమే ఎక్కించిన ఆడ రొయ్యలు గుడ్లు పెట్టాయి. సముద్రపు రొయ్యల విషయంలో ఫలితం కన్ను తీసినవాటికి దీటుగా ఉంది. అంతకన్నా ముఖ్యం, ఇంట పెరిగిన తల్లి రొయ్యలు కూడా గుడ్లకు వచ్చాయి. తెల్లమచ్చ రోగానికి భయపడి సముద్రపు తల్లిని వద్దనుకున్నవారికి కావలసింది సరిగ్గా ఇదే.

రొయ్యల్లో ఈ విద్యను వైరస్ మీదకు తిప్పినవారూ ఉన్నారు. మన పొరుగున తమిళనాడులో మేల్విషారం కళాశాలలో ఎ. ఎస్. సాహుల్ హమీద్‌గారి బృందం తెల్లమచ్చ వైరస్ పైపొర ప్రోటీను నకలుకు సరిపోయే జంటపేట ఆర్.ఎన్.ఏ.ను బాక్టీరియాలో తయారుచేసి, మేతతో కలిపి టైగర్ రొయ్యలకు తినిపించి, రోగం నుంచి కాపాడే ప్రయత్నం చేసి 2008లో ప్రకటించింది. ప్రయోగశాలలో ఇది ఫలించింది.

ఇక్కడ మీకు రెండు అనుమానాలు రావచ్చు. ఇది రొయ్య జన్యువును మార్చేయడం కాదా అన్నది మొదటిది. కాదు. ముందే చెప్పుకున్నట్టు బీరువాలో పుస్తకం అలాగే ఉంటుంది, రాసుకున్న కాగితమే చిరుగుతుంది. రెండోది, ఇంత చక్కని ఉపాయం ఉండగా హేచరీలన్నీ ఇంకా కన్ను ఎందుకు తీస్తున్నాయి? ఖర్చు ఒకటి. జంటపేట ఆర్.ఎన్.ఏ. శుభ్రంగా తయారుచేయాలి, చల్లగా దాచాలి, ఒక్కొక్క తల్లికీ కొలతగా ఎక్కించాలి. కత్తెరకూ దారానికీ అయ్యే ఖర్చుతో దీన్ని పోల్చలేం. పైగా పాతికో పరకో రొయ్యలున్న ప్రయోగశాల వేరు, రోజూ లక్షల పిల్లలు కావలసిన వ్యాపారం వేరు. కనుక ఇది ఇంకా హేచరీల్లో మామూలు పద్ధతి కాలేదు. 2009లో మన దేశంలోకి అనుమతి పొంది వచ్చిన వెనామీ రొయ్య ఇప్పుడు చెరువులను నింపేసింది. దాని తల్లులను రోగం లేనివిగా పెంచి విమానాల్లో తెస్తారు. అంత జాగ్రత్తగా తెచ్చిన తల్లికీ హేచరీలో తరచు కంటికాడ కోతే ఎదురవుతుంది.

అయితే కన్ను తీయక తప్పదన్న మాట మాత్రం ఇప్పుడు నిలవడం లేదు. స్కాట్లండులోని స్టిర్లింగ్ విశ్వవిద్యాలయంలో సిమావ్ జకారియస్ బృందం కన్ను తీయని వెనామీ తల్లులతో వ్యాపార స్థాయిలోనే గుడ్లు పెట్టించి 2019లో ఫలితాలు ప్రకటించింది. పెంపకం తీరు మార్చుకుంటే కోత లేకుండానే నెగ్గుకురావచ్చని చూపించింది. ఆ తల్లుల పిల్లలు రోగాలకు తట్టుకోవడంలో మెరుగ్గా ఉన్నాయని 2021లో మరో పరిశోధన చెప్పింది. తల్లి ఒళ్లు గుల్ల కాకుండా కన్న బిడ్డ గట్టిగా ఉంటుందన్న మాట మనకు కొత్తా చెప్పండి? కానీ మన అనుభవం మనకు చెప్పేదాన్ని రొయ్య విషయంలో లెక్కలతో రుజువు చేయవలసి వచ్చింది. విదేశాల్లో కొందరు కొనుగోలుదారులు కూడా కన్ను తీయని తల్లుల రొయ్యలే కావాలని అడగడం మొదలుపెట్టారు. ఎగుమతుల మీద బతికే మన కోస్తాకు ఈ మాట చెవిని వేసుకోక తప్పదు.

శాస్త్రం గురించి చెప్పినప్పుడల్లా అది ఏమి కనిపెట్టిందని అడుగుతాం. ఈ కథలో అడగవలసింది ఎలా కనిపెట్టిందని. ఒక అవయవాన్ని కోసి చూస్తే అక్కడ ఏదో ఉందని తెలుస్తుంది. ఆ ఏదో ఏమిటో తెలియాలంటే ఉన్నవాటిలో ఒక్కదాన్నే, మిగిలినవాటికి దెబ్బ తగలకుండా ఆపి చూడాలి. ఇవాళ ప్రపంచమంతటా ప్రయోగశాలల్లో, మన హైదరాబాదులో కూడా, ఏ సంకేత ప్రోటీను ఏ పని చేస్తోందో తెలుసుకోవడానికి ఇలా జన్యువు నోరు మూయించి చూడటం వాడుకలో ఉన్న పద్ధతి. కేన్సరు కణం ఎవరి మాట విని పెరుగుతోందో వెతకడానికీ ఇదే దారి. ఆ దారి పెట్యూనియా తెల్లపూలను చూసి ఆశ్చర్యపడినవారి వల్ల, పనికిరాదనుకోదగ్గ రెండో గిన్నెలోని ఫలితాన్ని దాచకుండా రాసిన ఒక అమ్మాయి వల్ల పడింది.

ఈసారి రొయ్యలు ఒలుస్తూ వీపు మీద నల్లదారం పక్కన లేత పచ్చపట్టీ ఏదైనా కనిపిస్తే మీ పిల్లలను పిలిచి చూపించండి. ఇది పెరగడానికీ ఆగడానికీ కంటి దగ్గర నుంచి ఒక కబురు వస్తుందని చెప్పండి. కన్ను తీయకుండా ఆ కబురు ఒక్కటే ఆపే ఉపాయం ఉందని కూడా చెప్పండి. ఆ ఉపాయాన్ని మన తొట్లకు సరిపోయే ఖర్చులోకి తెచ్చేది బందరు పిల్లో, గుడివాడ పిల్లవాడో ఎందుకు కాకూడదు?